సార్వభౌముడి చెవి రబ్బరు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, ఒక పళ్ళ డాక్టరు గారి నెత్తిమీద, 'శ్రవణ సార్వభౌమ డిజిటల్స్' అనే సామ్రాజ్యం ఉంది. వైశాల్యం రెండు గదులు. చతురంగ బలాలు ఒక కంప్యూటరు, రెండు మైకులు, గోడలకు అంటించిన కోడిగుడ్ల అట్టలు. ఏలిక సిద్దార్థ. జిల్లాలో బోనాల పాట కట్టినవాడెవడైనా, బతుకమ్మ పాట పాడిన పిల్ల ఎవరైనా యూట్యూబు గడప తొక్కేముందు ఆ మెట్లెక్కి అతని చెవిని దర్శించుకోవలసిందే. "సిద్దన్న ఇన్నడా?" అన్నదే పాటకు పరీక్ష. విని బాగుందంటే పాట బతికినట్టు. పెదవి విరిచాడా, పాడినవాళ్ళు మెట్లు దిగేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కారు. బస్టాండు ఎదుట మరొక స్టూడియో వెలిసి, ఏసీ పెట్టి, వచ్చినవాళ్ళకు చాయ కూడా పోసి, అయినా ఈగలు తోలుకుంటున్నదంటే కారణం ఒకటే. అక్కడ అన్నీ ఉన్నాయి, సిద్దార్థ చెవి లేదు.

ఈ సామ్రాజ్యంలో స్పీకర్లు మోగవు. ఒకప్పుడు మోగేవి. ఒకనాడు పైన దరువు ఉన్నట్టుండి లేవడంతో కింద కుర్చీలో నోరు తెరిచి పడుకున్న రోగి ఉలిక్కిపడి డాక్టరు గారి వేలు కొరికాడు. ఇంటి ఓనరు పంచాయితీ పెట్టి స్పీకర్ల నోరు మూయించాడు. సిద్దార్థ దాన్ని పరాభవంగా తీసుకోలేదు, సిద్ధాంతంగా మలుచుకున్నాడు. "స్పీకరు గోడల ముచ్చట చెప్తది, ఇయర్‌ఫోను పాట ముచ్చట చెప్తది" అని ప్రకటించి, చెవి లోపలికి దూరే ఇయర్‌ఫోన్లతోనే రాజ్యం ఏలసాగాడు. వాటి కొసలకు తొడిగే రబ్బర్లను దాచుకోవడానికి తాంబూలపు పెట్టెలాగా అరలున్న ఒక బరిణె కూడా సంపాదించాడు. ఒక అరలో చిన్నా పెద్దా సిలికాన్ రబ్బర్లు. ఒక అరలో, నలిపి చెవిలో పెడితే మెల్లగా ఉబ్బి సందు మూసే నురుగు తొడుగులు. మరొక దానిలో గొడుగు మీద గొడుగు నిలబెట్టినట్టుండే రెండంతస్తులవి. వెడల్పు నోటి రబ్బరు పెడితే గజ్జెల మొన తేలుతుందనీ, నురుగు పెడితే అదే గజ్జె అణిగిమణిగి ఉంటుందనీ, చెవికీ రబ్బరుకీ మధ్య వెంట్రుకంత సందున్నా డప్పు కడుపులోని మోత ఆ సందులోంచే పారిపోతుందనీ అతను ఉపన్యసిస్తుంటే, పాడవచ్చిన పిల్లలు చేతులు కట్టుకుని వినేవారు. ఇంతటి శాస్త్రం తెలిసినవాడికి ఆ ఆషాఢంలో కుడిచెవిలో ఒక కురుపు లేచింది. పెద్ద రబ్బరు దూరిస్తే ప్రాణం పోయినంత పనవుతున్నది. ఎడమ చెవికి అన్యాయం జరగరాదన్న సమదృష్టితో రెండు చెవులకూ బరిణెలోని అన్నిటికన్నా చిన్న రబ్బర్లు తొడిగాడు. చక్రవర్తి తన కాలికి ఏ చెప్పులున్నాయో మరిచిపోయినంత సులువుగా ఆ సంగతి మరిచిపోయాడు.

సరిగ్గా ఆ రోజే నిరోష ఎల్లారెడ్డి నుంచి తన పోచమ్మ పాట పట్టుకుని వచ్చింది. వెంట కోరసు పాడే అమ్మాయిలు, ఎలక్ట్రానిక్ ప్యాడు మీద తాళం వేసే డేవిడ్, భుజాన డప్పుతో రాజలింగు. రాజలింగుది నిరోషవాళ్ళ వాడకట్టే. నెరిసిన మీసం, మాటల్లో పొదుపు. ఆ డప్పు తోలును తానే సున్నపు నీళ్ళలో నానవేసి, గీకి, వేపచట్రానికి బిగించుకున్నాడు. కిందనే వరిగడ్డి మంట మీద కాపుకుని, వేలి కణుపుతో తట్టి చూసుకుని, అద్దాల గదిలో మైకు ముందు నిలబడ్డాడు. కుడిచేతి పొట్టికర్ర, అదే చిర్ర, తోలు నడుమ పడింది, ఎడమచేతి సన్నపుల్ల అంచున చిటచిటలాడింది. నిరోష గొంతెత్తింది.

అద్దానికి ఇవతల సిద్దార్థ ముఖం ముడుచుకుంది. పాట సగమైనా కాకముందే చెయ్యి ఎత్తాడు.

"ఆపుండ్రి. రాజలింగూ, ఏంది గది? డప్పు కొడ్తున్నవా, అట్టపెట్టె కొడ్తున్నవా? మోతే లేదు."

రాజలింగు తల తిప్పలేదు. సన్నపుల్లను వేళ్ళ మధ్య సర్దుకుంటున్నాడు.

"నిన్నేనయ్యా! పిలిస్తే పలుకుడు గూడ లేదు. గంత టెక్కు ఏంది?"

నిరోష అతని మోచేతిని తాకింది. అప్పుడు తిరిగాడు. సిద్దార్థ ఏమన్నాడో ఆమె మళ్ళీ చెప్పాక జవాబిచ్చాడు.

"ఇప్పుడే గాపిన గద సారు. కాక సరిపోయింది."

"సరిపోతే నాకు మోత రావాలె గద. మళ్ళ గాపుకొని రాపో."

"సిద్దన్నా, ఈడ గదిల మంచిగనే మోగుతుందే" అంది నిరోష. "నా కడుపుల గుబుల్ గుబుల్ అంటుంది."

"పాటకు నీ కడుపు గాదు నిరోషా, నా చెవి గావాలె."

కోరసు అమ్మాయిలు నవ్వారు. నవ్వవలసిన చోట నవ్వడం కూడా ఆ స్టూడియో మర్యాదల్లో ఒకటి.

రాజలింగు మెట్లు దిగాడు. వెనకవైపు, డాక్టరు గారి జనరేటరు పక్కన రేకు కప్పు కింద మళ్ళీ మంట వేశాడు. వానకు గడ్డి చెమ్మగిల్లితే మందుల అట్టపెట్టెలు చింపి వేశాడు. చట్రం పట్టుకుని డప్పును చక్రంలా తిప్పుతూ, మంటకు ఒకచోటనే నిలవకుండా చూసుకుంటూ కాపుకున్నాడు. పైకి వచ్చి వాయించాడు. ఈసారి సిద్దార్థకు మరింత సన్నగా వినిపించింది. అందులో వింతేమీ లేదు. తోలు కాగినకొద్దీ బిగుస్తుంది, బిగిసినకొద్దీ గొంతు పైకెక్కుతుంది. పైగా ఏ కొద్ది మోత మిగిలినా, చెవికీ చిన్న రబ్బరుకీ నడుమనున్న సందు దాన్ని ఎటూ చేరనివ్వడం లేదు. అయినా సార్వభౌముల ఆజ్ఞలు కారణాలను బట్టి మారవు.

"రేకు డబ్బ అయిపోయింది. ఇంకింత గాపాలె."

"ఇంక గాపితే తోలు ఆగుతదా సారు?" రాజలింగు గొంతులో మొదటిసారి కాస్త వేడి వినిపించింది.

"మోగని తోలు ఆగితే ఏంది, ఆగకుంటే ఏంది? చేతుల దమ్ము తగ్గినప్పుడు కాకతోనన్న నడపాలె పెద్దమనిషీ."

రాజలింగు నిరోష ముఖం చూశాడు. వాయించేటప్పుడు కూడా అతను ప్రతి దరువుకీ ఆమె ముఖమే చూస్తున్నాడని సిద్దార్థ గమనించాడు. ఊరి పిల్ల కదా, సిఫారసుకు చూస్తున్నాడనుకున్నాడు. నిరోష ఏదో అనబోయి ఆగింది. పాట ఆమెది, బోనాలు దగ్గర పడ్డాయి, మెట్ల కింద ఇంకెవరి చెవీ లేదు. ఆమె కళ్ళు దించుకోగానే రాజలింగు మారుమాట లేకుండా దిగిపోయాడు.

కాసేపటికి కింద కొత్త బట్టను ఒక్క గుంజుకు చింపిన చప్పుడయింది. అది సిద్దార్థకు కూడా వినిపించింది. అప్పుడు అతను ఇయర్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని ఉన్నాడు.

రాజలింగు పైకి వచ్చేటప్పుడు డప్పు భుజాన లేదు, రెండు చేతుల్లో ఉంది. అంచు నుంచి నడిమి దాకా తోలు విచ్చుకుంది. అందరూ సిద్దార్థ వైపు తిరిగారు. ఏలికవారు ఏదో ఒకటి అనవలసి వచ్చింది.

"పాతదైనట్టుంది తోలు. డేవిడ్, నీ ప్యాడుల డప్పు ఉన్నది గద? అదే కొట్టు. మిషిను అయితే పలుగది, పెట్టినకాడ వెట్టినట్టుంటది. మనుషులతోని గదే లొల్లి."

రాజలింగు చిర్రనూ పుల్లనూ నడుముకున్న తువ్వాలలో దోపుకున్నాడు.

"పలిగింది నా తోలు సారు, నీ తోలు గాదు. అందుకే గంత సల్లగ మాట్లాడుతున్నవ్" అన్నాడు. అని, దిగిపోయాడు.

*

మరునాడు సార్వభౌముడు ఒంటరిగా కొలువుతీరాడు. డేవిడ్ ప్యాడు మీద కొట్టిన డప్పుకు మోత సరిపోలేదు. పెంచాడు. చాలలేదు, ఇంకా పెంచాడు. యంత్రం కూడా రాజలింగులాగే మొండికేస్తున్నదని విసుక్కుంటూ మరికొంత ఎక్కించాడు. యంత్రానికి తోలు లేదు గనుక ఓర్చుకుంది.

అంతలో కింద రోడ్డు మీద ఏదో లారీ దారి ఇవ్వనందుకు బాన్సువాడ బస్సు ఆగకుండా హారను మోగించింది. సిద్దార్థ చిరాకుగా రెండు చూపుడువేళ్ళతో ఇయర్‌ఫోన్లను చెవుల్లోకి అదిమాడు. ఆ క్షణంలో అతని తలలో ఒక మిద్దె కూలింది. ప్యాడు డప్పు దవడ ఎముకల్లోకి దిగి, నిరోష గొంతును నిలువునా పాతిపెట్టి, కళ్ళలో నీళ్ళు తెప్పించింది. వేళ్ళు తీశాడు. అట్టపెట్టె. అదిమాడు. మిద్దె. తీశాడు. అట్టపెట్టె. బస్సు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

ప్యాడును ఆపి, మునుపటి రోజు రాజలింగు మొదటిసారి వాయించిన రికార్డింగు తెరిచాడు. చెయ్యి ఎత్తి ఆపించినది. దాన్ని కూడా వేళ్ళతో అదిమి విన్నాడు. డప్పు వచ్చింది. చిర్ర పడ్డచోట నేల ఒక్క అంగుళం కిందికి దిగి మళ్ళీ లేచినట్టున్నది. సన్నపుల్ల ఆ గుంత అంచుల మీద నడుస్తున్నది. రెండు దరువుల మధ్యలో, తోలు ఇంకా వణుకుతున్న ఆ కాస్త వ్యవధిలో నిరోష గొంతు వచ్చి కూర్చుంటున్నది. కాకకు తోలు సరిగ్గా పదునుకు వచ్చిన డప్పు అది. అతను పదేపదే కాపించకముందటి డప్పు.

ఇయర్‌ఫోన్లు తీసి వాటి మూతులు చూశాడు. కందిగింజంత రబ్బర్లు. చెవి తడుముకున్నాడు. కురుపు రాత్రికి రాత్రే పగిలి అణిగిపోయినట్టుంది. పెద్ద రబ్బర్లు తొడిగి మళ్ళీ విన్నాడు. ఈసారి వేళ్ళ అవసరం రాలేదు. పిల్లలకు తాను చెప్పే ఉపన్యాసం గుర్తుకు వచ్చి మెడ వెనక వేడెక్కింది.

ఇలాంటప్పుడు మహాపురుషులు సత్యం వైపు నడుస్తారని వినికిడి. సిద్దార్థ కూడా నడిచేవాడే, అయితే ముందుగా అటూ ఇటూ చూశాడు. మొదటి రికార్డింగునే పాటలో పెట్టి, మోత తన మిక్సింగు మహిమ అని చెప్పుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ తాను చెయ్యి ఎత్తి ఆపించిన పుణ్యాన పాట సగం దాకానే ఉంది. ఆఖరి చరణంలో అమ్మవారిని సాగనంపేటప్పుడు డప్పు ఊపు పెంచుకుంటూ పోవాలి, ఉన్న ముక్కను అతికించి దాన్ని పుట్టించలేడు. పైగా నిరోష ఫోను చేసి చెప్పేసింది. "మిషిను డప్పు వద్దన్నా. రాజలింగన్న లేకుంటే నేను బస్టాండుకాడి స్టూడియోకు వోత." బస్టాండు అన్న మాట సార్వభౌముడికి సూదిలా దిగింది. నిరోష అక్కడికి పోతే ఆమె వెనకే జిల్లా పోతుంది. సత్యమూ అవసరమూ ఈ విధంగా చేతులు కలపడంతో, అతను బరిణె జేబులో వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాడు. లింగంపేట దాటేసరికి తాను చేస్తున్నది అవసరార్థపు ప్రయాణం కాదనీ, న్యాయం కోసం చేస్తున్న యాత్ర అనీ పూర్తిగా నమ్మాడు.

*

రాజలింగు ఇంటి ముందు గచ్చు మీద అతని భార్య భూదవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నది. కత్తిరించిన తునికాకులో చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, మూతి మడిచి, దారం వేసి తెంపి, తలెత్తకుండానే మరో ఆకు అందుకుంటున్నది. రాజలింగు గోడవారన కూర్చుని చట్రానికి అంటుకుని ఉన్న చిరిగిన తోలును కత్తితో ఊడదీస్తున్నాడు.

"ఎవలు? ఓ, చెవి సారా!" అంది భూదవ్వ, చేతులు ఆపకుండా. "రా బిడ్డా. ఇంక పలుగగొట్టేటియి ఏమన్న మిగిలినయేమో సూస్కో. లోపట కుండలున్నయి. కంచుడు గూడ ఉన్నది."

కూర్చోమనలేదు. మంచినీళ్ళ మాటే లేదు. సిద్దార్థ వాకిట్లో నిలబడే, దారిపొడుగునా కూర్చుకున్న వాక్యాలు చెప్పాడు. డప్పులో లోపం లేదు. చేతుల్లో లోపం లేదు. తన చెవిలో కురుపు లేచింది, రబ్బరు చిన్నది పెట్టాడు, సందులోంచి మోత పోయింది, తోలు బలైపోయింది. చెబుతుంటే తన పెద్దమనసుకు తనకే కొంచెం ముచ్చటేసింది.

రాజలింగు అతని ముఖం వంక తేరిపార చూస్తూ, పెదవుల కదలిక కూడా పట్టుకుంటున్నవాడిలా విన్నాడు. విన్నాక కత్తి కింద పెట్టాడు.

"ఏంది సారు, నవ్వులాటకు వచ్చినవా? కందిగింజంత రబ్బరుకు నా డప్పు పలిగిందా? కాక ఎక్కువైందంటే ఇంట. నా చేతులు మెత్తవడ్డయంటే గూడ ఇంట, కోపంతోనన్న ఇంట. రబ్బరు అంటవేంది?"

"అబద్ధం గాదు రాజలింగూ. నువ్వే ఇను. నీ డప్పే ఉన్నది దీంట్ల."

సిద్దార్థ గచ్చు అంచున మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న రబ్బర్లు తొడిగి, ఇయర్‌ఫోన్లు రాజలింగు చెవుల్లో పెట్టి, ఫోనులో ఆ మొదటి రికార్డింగు వినిపించాడు. తరువాత పెద్ద రబ్బర్లు మార్చి అదే వినిపించాడు. రాజలింగు కళ్ళు మూసుకుని విన్నాడు, పంచాయితీలో తీర్పు చెప్పేవాడిలా.

"ఒక్కతీర్గనే ఉన్నది."

"మంచిగ ఇను. ఇగో, ఇప్పుడు ఎట్ల బరువుగున్నది, ఇందాక ఎట్ల పలచగున్నది..."

"ఒక్కతీర్గనే ఉన్నదంటున్న గద!"

సిద్దార్థ చప్పుడు పెంచాడు. ఇంకా పెంచాడు. ఇంతకన్నా పెంచితే తన చెవి పగులుతుందనుకున్న చోటును కూడా దాటించాడు. దూరం నుంచి అతనికే డప్పు బుసలు వినిపిస్తున్నాయి. రాజలింగు ముఖంలో ఏ మార్పూ లేదు.

"నన్ను వొగడ వచ్చినవో, ఎక్కిరియ్య వచ్చినవో సమజైతలేదు సారు" అన్నాడు చెవుల నుంచి వాటిని పీకేస్తూ. "రబ్బరు మీదికి నూకి మళ్ళ నన్ను తోల్కవోవాల్నని వచ్చినవ్. నాతోని పని వడ్డది నీకు. గది చెప్పు సక్కగ."

అతను అన్నదాంట్లో సగం నిజం ఉండడం సిద్దార్థకు మంట పుట్టించింది. ఇంత దూరం వచ్చి, వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని తప్పు ఒప్పుకుంటే ఇదా మర్యాద? తీర్పు చెప్పడానికి వీడి చెవులెంత? అప్పుడు వెలిగింది. మైకులో పిలిస్తే తిరగకపోవడం. నిరోష మోచెయ్యి. ప్రతి దరువుకీ ఆమె ముఖం. వెలిగినది నాలుక కొసకు వచ్చింది.

"పెద్దమనిషీ, రబ్బర్లల్ల తేడా లేకుడు గాదు, నీ..."

"ఇటియ్యి" అంది భూదవ్వ.

చాట పక్కన పెట్టి, తంబాకు చేతులు కొంగుకు తుడుచుకుని, సిద్దార్థ చేతిలోంచి ఇయర్‌ఫోన్లు లాక్కుంది. సిద్దార్థ చప్పుడు తగ్గించి మళ్ళీ వినిపించాడు. చిన్న రబ్బర్లతో విన్నప్పుడు ఊరికే కూర్చుంది, ఒక చేత్తో దారపు ఉండను సర్దుకుంది కూడా. పెద్ద రబ్బర్లు పెట్టగానే ఆ చెయ్యి ఆగింది. దారం ఒళ్ళోంచి జారి గచ్చు మీద దొర్లింది. కాలి బొటనవేలు, ఆమెకు తెలియకుండానే, చిర్ర పడ్డ ప్రతిసారీ నేలను తాకసాగింది. సిద్దార్థ ఆ వేలునే చూశాడు. ఒకరి చెవి ఏం వింటున్నదో ఇంత స్పష్టంగా అతను ఎన్నడూ చూడలేదు.

రికార్డింగు అయిపోయింది. భూదవ్వ భర్త వంక చూసింది. తరువాత ఇయర్‌ఫోన్లు తీసి సిద్దార్థ అరచేతిలో పడేసింది.

"ఒక్కతీర్గనే ఉన్నది."

"సూసినవా!" అన్నాడు రాజలింగు. డప్పు పగిలిన తరువాత అతను నవ్వడం బహుశా అదే మొదలు. "ఇంట్ల ఇద్దరికిద్దరం అదే చెప్తున్నం. ఇగ వో సారు, బస్సు అందుకో."

*

వీధి మలుపు దాటాక వెనక నుంచి అడుగుల చప్పుడయింది. భూదవ్వ. నెత్తిమీద గంపలో కట్టలు కట్టిన బీడీలు. కార్ఖానాలో ఇచ్చి రావడానికి బయలుదేరినట్టుంది.

"తేడా ఉన్నది" అంది, పక్కకు వచ్చి, అతని వంక చూడకుండా. "పెద్దది వెట్టినప్పుడు నా పక్కపొంటి నిలవడి కొట్టినట్టే ఉన్నది. చిన్నదాన్ల సగం మనిషి లేకుండ వోయిండు."

"మరి లేదంటివి గద అవ్వా!"

"ఆయనకు ఇనవడలే గద."

సిద్దార్థ నడక నెమ్మదించింది. భూదవ్వ మాట ఆపలేదు.

"నేను ఎనకనుంచి పిలిస్తే తిరుగడు. మోత ఒంటికి తాకుతది, చెవులకు తాకది. ఆడేటోళ్ళ కాళ్ళు జూసి కొడ్తడు, పాడేటోళ్ళ మొఖం జూసి కొడ్తడు. తప్పు వోతలేడు గనక ఇంక ఎవ్వలకు ఎరుక లేదు. ఆయనకు గూడ ఎరుక లేనట్టే ఉంటడు, నేను గూడ ఎరుక లేనట్టే ఉంట. నీకు ఇయ్యాల ఎరుకైంది. నోట్లెకెల్లి ఊడవడబోయింది గూడ, నేను జూసిన. చెవులు వోయిన డప్పాయనను పెండ్లికి విలుస్తరా? బోనానికి విలుస్తరా?"

"నేనెవ్వలకు చెప్ప అవ్వా. ఒట్టు. నా తప్పని చెప్పుదామనే గద వచ్చింది..."

"అవ్, వచ్చినవ్. నలుగుర్ల తిట్టినోనివి, ఇంట్ల జొచ్చి చెప్పవడితివి. మేమిద్దరం ఇంటే నీకేం వోయింది? ఆడ ఎవ్వలెవ్వలు ఇన్నరో వాళ్ళకు చెప్పు."

"చెప్త. రబ్బరు చిన్నదైంది, అందుకే..."

"రబ్బరు ముచ్చట తియ్యకు!" భూదవ్వ ఆగిపోయింది. గంప మీది చెయ్యి బిగిసింది. "రబ్బరంటవ్. ఏది, ఎట్లుంటది సూద్దామంటది నిరోష. నలుగురు జేరి తలా ఒకసారి వెట్టుకుంటరు. ఆయన చెవులల్ల గూడ వెడ్తరు. అందరికి తేడా ఇనవడి ఆయనకు ఇనవడకుంటే? రబ్బరు లేదు, కురుపు లేదు. ఆయన మంచిగనే కొట్టిండు, నాకే ఇనవడలే అను. గంతే అను."

కురుపు గనుక, రబ్బరు గనుక, ఒక్కపూట గనుక అన్న మూడు గొడుగుల కింద నిలబడి తప్పు ఒప్పుకోవడం ఒక ఎత్తు. ఏ గొడుగూ లేకుండా, నా చెవికి డప్పు అందలేదని ఒక శబ్దకారుడు తన స్టూడియోలో తానే చెప్పుకోవడం మరొక ఎత్తు. ఆ మాట సాయంత్రానికి బస్టాండు చేరుతుంది.

"గట్లంటే నా దుకాణం నడుస్తదా అవ్వా?"

"మా ఆయనది నడవాలె గద."

"నువ్వు నా బతుకు మీదికి తెస్తున్నవ్."

"నువ్వు తేలే?" అంది భూదవ్వ. ఆ గొంతులో కోపం కూడా లేదు, వేళకు కార్ఖానా చేరాలన్న తొందర తప్ప. "నిరోషకు ఫోను జేసి చెప్త. నువ్వేమంటవో ఇని నాకు చెప్పమంట. అన్నవంటే ఆయనతోని కొత్త తోలెక్కించి తోలిస్త, నీ పాట అయితది. అనకుంటే మిషినుతోనే కొట్టిచ్చుకో."

గంప సర్దుకుని ఆమె వెళ్ళిపోయింది.

*

ఆ వారంలోనే పాట సంగతి తేల్చుకోవడానికి నిరోష, కోరసు అమ్మాయిలు, డేవిడ్ స్టూడియోకు వచ్చారు. నిరోష నేరుగా అద్దాల గదిలోకి వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడింది. అమ్మాయిలు కూడా వెంట వెళ్ళారు. డేవిడ్ ప్యాడు ముందు కూర్చుని పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. కింద డాక్టరు గారి యంత్రం ఎవరి పన్నునో తొలుస్తున్నది.

సిద్దార్థ లేచి నిలబడ్డాడు. దారిలో, స్నానాల గదిలో, అద్దం ముందు, ఈ వాక్యానికి అతను ఎన్నో ఆభరణాలు తొడిగి చూశాడు. వాన కాలం, తేమ, యంత్ర సామగ్రి, మానవ సహజం. ప్రతిదాని వెనకా ఒక గంప, గంప మీద బిగిసిన ఒక చెయ్యి కనిపించి తీసేశాడు. ఇప్పుడు వాక్యం ఒంటి మీద బట్ట లేకుండా నిలబడింది.

"ఆనాడు రాజలింగు మంచిగనే కొట్టిండు" అన్నాడు అద్దం వైపు చూస్తూ. "నాకే... ఇనవడలే."

అద్దానికి అవతల నిరోష పెదవులు కదిలాయి. హెడ్‌ఫోన్ల మీద వేలితో తట్టి, చెయ్యి తిప్పింది. ఆమె మాట స్పీకరు మోగని ఆ గదిలో, అతని మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్లలోంచి సన్నగా వచ్చింది.

"ఏందన్నా? మైకు ఒత్తి చెప్పు."

పిల్లలను ఆపడానికీ, కసరడానికీ, రాజలింగును మళ్ళీ కాపుకుని రమ్మనడానికీ నొక్కిన మీటనే నొక్కాడు. నోరు మైకుకు దగ్గరగా తెచ్చాడు.

"రాజలింగు మంచిగనే కొట్టిండు. నాకే ఇనవడలే."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది. కోరసు అమ్మాయిల్లో ఒకతె పక్కదాని వంక చూసింది. ఆ చూపులో వచ్చే బతుకమ్మకు తమ పాట ఎక్కడ పాడాలా అన్న ఆలోచన అప్పుడే మొలకెత్తడం అతనికి స్పష్టంగా కనిపించింది. డేవిడ్ పుల్లలు కింద పెట్టి, లేచి, ప్యాడు వైరును గోడలోంచి పీకి మోచేతికి చుట్టుకోసాగాడు.

నిరోష హెడ్‌ఫోన్లు తీసి, ఫోను అందుకుని, ఎల్లారెడ్డికి కలిపింది. మైకు ఇంకా తెరిచే ఉంది.

"అవ్వా, నేనే. అన్నడు" అంది. అటునుంచి ఏదో అడిగారు. నిరోష ఒకసారి అద్దంలోంచి సిద్దార్థ వంక చూసి, తల తిప్పుకుంది.

"ఆ. అందరికి ఇనవడ్డది."